తుడిస్తే తీరని మరక

చోడవరంలో మా ఇంటి వాకిట ప్రతి ఉదయం ఒక నల్లని మరక కనిపించేది. అమ్మీజాన్ సబ్బునీళ్లు పోసి చీపురుతో రుద్దేవారు. మరునాటికి అదే చోట మళ్లీ అదే మరక. రాత్రంతా అక్కడ నిలిచే మా పాత మహీంద్రా జీపు నుంచి ఇంజను ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారుతున్నదని అందరికీ తెలుసు. పాతికేళ్లు పైబడిన బండి కదా, కారక ఏమవుతుందిలే అనుకుంటూ ఒక ఏడాది గడిపివేశాము.

2022 ఏప్రిల్ 4న మా ఊరు అనకాపల్లి జిల్లాలో చేరినా, పెద్దల నోట ఇంకా విశాఖ జిల్లా మాటే వినిపిస్తుంది. ఆ జీపూ అంతే, కొత్త కాలంలో తిరుగుతున్న పాత బండి. తమ్ముడు దానిపై మాడుగులకు ప్రయాణికులను చేరవేస్తాడు. అవసరమైతే పాడేరు ఘాట్ కూడా ఎక్కిస్తాడు. మా ఇంటిల్లిపాది భోజనంలో కొంత భాగం ఆ చక్రాల మీదనే ఆధారపడి ఉన్నది.

ఆ ఏడాదిలో రెండుసార్లు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పించాము. నెల తిరగకముందే రెండూ కారాయి. విసిగిపోయిన మాకు తెలిసినవారొకరు సులువైన ఉపాయం చెప్పారు. ఇంజనును డీజిలుతో శుభ్రంగా కడిగించి, అంచులకు సిలికాన్ బంక పూయించి, అది ఆరిన రోజే అమ్మివేయమన్నారు. కొనేవాడికి వారం దాకా తెలియదట. అబ్బాజాన్ కాసేపు మౌనంగా ఉండి, “ఆ వారం తరువాత ఆ బండి ఎక్కడ ఉంటుంది? ఘాట్ మలుపులోనే కదా! అందులో ఎవరి పిల్లలు కూర్చుంటారో!” అన్నారు. ఆ మాటతో అమ్మకం ఆగిపోయింది. మేము జీపును ఒక వృద్ధ మేస్త్రీ షెడ్డుకు తీసుకుపోయాము.

ప్యాకింగ్ పని ఏమిటి?

రెండు లోహపు భాగాలు ఎంత నునుపుగా ఉన్నా, వాటి మధ్య కంటికి కనిపించని సందులు ఉంటాయి. ఆ సందులను నింపి నూనెను, నీటిని, వాయువును తమ తమ దారుల్లో నిలిపే మెత్తని పొరనే గాస్కెట్ అంటారు. మన మేస్త్రీలు దానినే ప్యాకింగ్ అంటారు. ఈ ఆలోచన ఎంతో పాతది. 1206లో తన యంత్రాల గ్రంథాన్ని ముగించిన అల్ జజరీ, నీటిని తోడే పంపులోని ముషలకానికి రెండు రాగి బిళ్లల నడుమ జనపతాడు చుట్టి సందు నింపాడు. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా ఆ సూత్రం మారలేదు. జనపతాడు స్థానంలో బెండు, కాగితం, రబ్బరు, లోహపు రేకు వచ్చాయి, అంతే.

ఈ పొర మెత్తగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది. ఇంజను వేడెక్కి చల్లారుతూ ఉంటే బెండు ఎండి కుంచించుకుపోతుంది, రబ్బరు గట్టిపడుతుంది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు మరణించడానికి కారణం, చలికి బిగుసుకుపోయి సందును మూయలేకపోయిన ఒక రబ్బరు వలయమే. చిన్న వస్తువు కదా అని సీలును తేలికగా చూడరాదు.

ముందు మూలం, తరువాత మరమ్మత్తు

చాచా బోల్టు విప్పలేదు. మొదట ఇంజనంతా కడిగించి ఆరబెట్టారు. తరువాత అనుమానమున్న అంచులన్నిటి మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఇంజనును కాసేపు నడిపించారు. “బాబూ, చుక్క కింద పడుతుంది గానీ పుట్టేది పైన. కింద చూసి పని మొదలుపెడితే ఎప్పటికీ దొరకదు” అన్నారు. తెల్లని పౌడరు మీద తడి గీత ట్యాపెట్ కవర్ అంచు నుంచి మొదలై, ఇంజను పక్కగా జారి, ఆయిల్ చాంబర్ దగ్గర చుక్కగా మారుతున్నది. చాంబరే కారుతున్నదని మేము భ్రమపడిన సందర్భాలు లేకపోలేదు.

అప్పుడు ఆయన బ్రీదర్ గొట్టం ఊడదీశారు. అందులో నల్లని మడ్డి గడ్డకట్టి ఉన్నది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ ఇంజను అడుగుభాగంలోకి జారుతుంది. బండి పాతబడేకొద్దీ అది పెరుగుతుంది. ఆ వాయువు బయటికి పోయే దారి బ్రీదర్. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న అంచు గుండా నూనెను బయటికి నెడుతుంది. మేము మార్పించిన రెండు ప్యాకింగులదీ తప్పు కాదని అప్పుడు అర్థమైంది. గొట్టం శుభ్రం చేసిన తరువాత కూడా ఆయిల్ పోసే మూత నుంచి పొగ బలంగా ఎగదన్నుతూ ఉంటే, రింగులు, బోరు అరిగినట్టే. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా ప్రయోజనం ఉండదు.

తరువాతి పని ఓర్పుతో కూడినది. పాత బెండును లోహం గీరుకుపోకుండా చెక్క చీలికతో తొలగించారు. పాత కాలపు ప్యాకింగులు కొన్నింటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దానిని పొడిగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కనుక తడిపి తీయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. మునుపటివారు బిగించిన బలానికి రేకు కవర్ బోల్టు రంధ్రాల చుట్టూ లోపలికి కుంగి ఉన్నది. చదునైన దిమ్మె మీద ఉంచి చిన్న సుత్తితో దానిని సమం చేశారు. అంచులను నూనె జిడ్డు లేకుండా తుడిచి, కొత్త బెండు అమర్చి, బోల్టులన్నిటినీ ఒకేసారి బిగించక, ఎదురెదురుగా కొద్దికొద్దిగా తిప్పారు. కారుతున్నది కదా అని మరింత బిగిస్తే బెండు పిండుకుపోయి చిట్లుతుంది.

హెడ్ గాస్కెట్ సంగతి వేరు. అది సిలిండరులోని మంటను, నీటిని, నూనెను వేరువేరుగా ఉంచుతుంది. నూనె పాలమీగడ రంగుకు తిరిగినా, రేడియేటరులో నూనె తేలినా, తెల్లని పొగ ఆగకుండా వచ్చినా ఆ బండిని నడపరాదు. హెడ్ చదును కొలిచి, బోల్టులను నడిమి నుంచి అంచులకు వరుసగా, నిర్ణీత బలంతో బిగించాలి. అది టార్క్ రెంచి ఉన్న చేతులు చేయవలసిన పని.

ఇంటివారు గమనించవలసినవి

రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరచండి. చుక్క ఎక్కడ పడుతున్నదో, పెరుగుతున్నదో తగ్గుతున్నదో అదే చెబుతుంది. వారానికొకసారి బండిని సమతలంలో నిలిపి డిప్‌స్టిక్ చూడండి. కారుతున్నదని గుర్తు మించి ఆయిల్ పోయడం కూడా పొరపాటే. వేడెక్కిన సైలెన్సరు గొట్టం మీద నూనె పడితే మంటలు రేగవచ్చు, క్లచ్ ప్లేటుకు అంటితే ఎత్తులో బండి లాగదు. వానకు తడిసిన దారిలో మన బండి విడిచిన చుక్క వెనుక వచ్చే స్కూటరును జార్చవచ్చు. తీసివేసిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పారబోయరాదు. చట్టం దానిని ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తుంది. డబ్బాలో నింపి, అధీకృత సేకరణదారులకు చేరేలా చూడాలి.

మా జీపు వాకిట మరక దాదాపు మాసిపోయింది. అట్టముక్క మీద మాత్రం రెండు మూడు రోజులకొక చుక్క పడుతూనే ఉన్నది. అది గేరుబాక్సు వైపున్న ఆయిల్ సీలు నుంచి వస్తున్నది. దానికోసం గేరుబాక్సు దించాలి కనుక, క్లచ్ పని వచ్చినప్పుడు రెండూ కలిపి చేయవచ్చని చాచా చెప్పారు.

ఆ పని రాకముందే జీపు కొనడానికి ఒకరు వచ్చారు. తమ్ముడు ఇంజను చూపించక ముందే అట్టముక్క చేతికిచ్చి, “అన్నా, ఇక్కడ ఇంకా కారుతుంది. ఆయిల్ చూసుకుంటూ నడపాలి” అన్నాడు. ఆయన బేరం తగ్గించి అడిగారు. మేము తగ్గించి ఇచ్చాము. వెళ్లేటప్పుడు డిప్‌స్టిక్ ఎక్కడుందో మరోసారి చూపించమని అడిగి చూసుకుని, జీపును మాడుగుల దారి పట్టించారు.