మీకు తెలుసా? మెట్ల కింది మీటరుకు మాటలొచ్చాయి

ఎడిసన్ కాలంలో కరెంటు మీటరంటే ఒక గాజు సీసా. అందులో జింక్ సల్ఫేటు ద్రావణం, దాంట్లో మునిగి ఉన్న జింకు పలకలు. ఇంట్లో వాడే కరెంటులో చిన్న పాయ ఆ సీసాలోంచి పోయేది. దాంతో ఒక పలక కరుగుతుంటే ఇంకొకటి బరువెక్కేది. నెలకోసారి కంపెనీ మనిషి వచ్చి పలకలు పట్టుకుపోయి తూకం వేసేవాడు. తూకంలో ఎంత తేడా వస్తే అంత బిల్లు. ఇంటాయన చూసుకోవడానికి అంకె అంటూ ఏదీ లేదు. కొట్టువాడు లోపలి గదిలో తూచుకొచ్చి ‘ఇంత అయింది’ అని చెప్పినట్టే.

1889లో హంగేరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ చేసిన మీటరుతో ఆ గుడ్డి లెక్క పోయింది. నిన్న మొన్నటిదాకా మన ఇళ్లలో తిరిగినవన్నీ ఆ వంశానివే: అల్యూమినియం బిళ్ల, దాని అంచున ఎర్ర గీత, పైన అంకెల చక్రాలు. ఆ బిళ్ల గిర్రున తిరుగుతుంటే ‘ఎవర్రా గీజరు వేసింది’ అని కేకేసే పెద్దలు ప్రతి ఇంట్లో ఉండేవారు. ఇంటివాళ్లూ కరెంటోళ్లూ ఒకే అంకె చూసిన రోజులవి.

ఇప్పుడు స్మార్ట్ మీటరు పెట్టించుకోవాలా వద్దా అన్న తగువు నడుస్తోంది కాబట్టి ఈ సంగతి ముందే చెప్పాను. మీటరు ఎంత తెలివైనదన్నది నాకు పెద్ద లెక్కలోకి రాదు. అది చూసేదంతా మనకూ కనబడుతుందా లేదా అన్నదే లెక్క.

* * *

స్మార్ట్ మీటరు సంగతి తర్వాత. ఇప్పుడు మీ గోడకున్న ఎలక్ట్రానిక్ మీటరును ఇంట్లోనే పరీక్షించుకోవచ్చని తెలుసా?

మీటరు ముఖాన చిన్న ఎర్ర దీపం మిణుకుతుంటుంది. దాని పక్కనే ‘కిలోవాట్ అవర్‌కు 3200 ఇంపల్స్’ అన్న అర్థంలో ఒక అంకె ఉంటుంది. అంటే 3200 మిణుకులకు ఒక యూనిట్. మీ మీటరు మీద ఇంకో అంకె ఉంటే దాన్నే తీసుకోండి. ఇంట్లో అన్నీ ఆపేసి, నీళ్లు కాచే వెయ్యి వాట్ల రాడ్డు ఒక్కటే బకెట్లో పెట్టి స్విచ్ వేయండి. నిమిషానికి 53 మిణుకులు రావాలి.

మా ఇంట్లో లెక్కపెడితే 47 వచ్చాయి. మీటరు నెమ్మదిగా నడుస్తోందని లోలోపల సంబరపడ్డాను కూడా. తీరా అదే మీటరు తెరమీద వోల్టేజి చూస్తే 216. రాడ్డు మీద రాసిన వెయ్యి వాట్లు 230 వోల్టుల లెక్క. వోల్టేజి తగ్గితే రాడ్డు గుంజే కరెంటూ తగ్గుతుంది, నీళ్లు కాగడమూ ఆలస్యమవుతుంది. లెక్క వేస్తే 47 సరిగ్గానే ఉంది. సంబరం అక్కడితో సరి.

రెండో పరీక్ష ఇంకా తేలిక. మెయిన్ స్విచ్ వేసే ఉంచి, ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, ఫ్యాన్లు, లైట్లు ఆపి పది నిమిషాలు మీటరు ముందు నిలబడండి. మిణుకు ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్కడో వైరింగ్‌లో లీకుంది, లేదా మీ మీటరు నుంచి ఇంకెవరికో లైను పోతోంది. అపార్ట్‌మెంట్లలో మెట్ల లైటో, సంపు మోటారో ఒకరి మీటరుకు కలిసిపోవడం అరుదేమీ కాదు.

* * *

పది వాట్లు గుంజే సెట్‌టాప్ బాక్సును రిమోట్‌తో ఆపి, ఆపేశామనుకుంటే నెలకు 7 యూనిట్లు దాటుతాయి.

* * *

నెలకు ఒక్క రీడింగ్‌తో బతికిన మీటరు స్మార్టయితే ఎన్ని తీస్తుంది? అరగంటకోసారి నమోదు చేస్తే రోజుకు 48, ముప్పై రోజుల నెలకు 1440. కొన్ని పావుగంటకోసారి తీస్తాయి. వాటిని మొబైల్ నెట్‌వర్క్ మీదో, పక్క మీటర్ల చేతుల మీదుగా ఒకదాన్నుంచి ఒకటి అందించుకుంటూనో కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) సర్వర్‌కు చేరుస్తుంది.

తెలుగు ఇళ్లకు ఇందులో ఒక మేలు వెంటనే కనబడుతుంది. రీడింగ్ తీసే కుర్రాడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు కాబట్టి స్లాబు మారి బిల్లు పెరిగిందన్నది మన పాత గోల. రోజుల లెక్కన సర్దుతామని అధికారులు చెప్పినా జనం అనుమానం తీరదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు మొదలయ్యాక ఆ నాలుగు రోజులకు ఎక్కడలేని విలువ వచ్చింది. 195 దగ్గర ఉన్నవాళ్లకు రీడింగ్ తేదీ ముహూర్తం లాంటిది. స్మార్ట్ మీటరైతే నెల మారే అర్ధరాత్రికి రీడింగ్ దానంతటదే నమోదవుతుంది. తలుపు తాళం వేసుందనే సాకుతో వేసే అంచనా బిల్లులూ ఉండవు.

* * *

‘కొత్త మీటరు గుర్రంలా పరిగెడుతోంది’ అనే ఫిర్యాదు మనది ఒక్కటే కాదు. 2009లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో స్మార్ట్ మీటర్లు పెట్టాక బిల్లులు ఎగబాకి పెద్ద రగడ అయింది. నియంత్రణ మండలి బయటి సంస్థతో పరీక్షలు చేయిస్తే 2010లో తేలింది ఏమిటంటే, మీటర్లు సరిగానే ఉన్నాయి, ఆ ఏడు ఎండలు మండాయి, అదే సమయంలో రేట్లూ పెరిగాయి.

అయితే మీటరు మాట వేదవాక్కని దీనర్థం కాదు. 2017లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్లు తొమ్మిది ఎలక్ట్రానిక్ మీటర్లను ప్రయోగశాలలో పరీక్షిస్తే, ఐదు అసలు కంటే ఎక్కువ చూపాయి. గరిష్ఠంగా 582 శాతం! రెండేమో 30 శాతం దాకా తక్కువ చూపాయి. ఎల్‌ఈడీ, సీఎఫ్‌ఎల్ దీపాలకు డిమ్మరు తగిలించి, కరెంటు అలను బాగా వంకరటింకర చేసినప్పటి సంగతి ఇది. మామూలు ఇంట్లో అలా జరగదని మీటర్ల పరిశ్రమ వాదించింది. నాకు దాన్నుంచి తెలిసిందల్లా, అనుమానం వచ్చినప్పుడు పరీక్షించమని అడగడం చాదస్తం కాదని.

అడిగే హక్కు మనకు రాసిపెట్టే ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. రీడింగ్ మీ వాడకానికి పొంతన లేకుండా ఉందని ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల్లో డిస్కం ఇంకో మీటరు పక్కన బిగించాలి. కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. దీన్ని చెక్ మీటరంటారు. సెక్షన్ ఆఫీసులో ఈ మాట ఎత్తితే ‘అలాంటిదేం లేదండీ’ అని ఎవరైనా అనొచ్చు. ఉంది.

* * *

పాత బిళ్ల మీటరు ముసలిదైతే ఇరుసు దగ్గర రాపిడి పెరిగి మందగిస్తుంది. ఫోను ఛార్జరు, దోమల మందు మిషను లాంటి చిన్న వాడకం ఒక్కటే నడుస్తుంటే దాన్ని అసలు పట్టించుకోకపోవచ్చు. అంటే ఇన్నాళ్లూ ఆ ముసలి మీటరు మనకు కొంత మాఫీ చేస్తూ వచ్చిందన్నమాట. కొత్తది రాగానే ఆ మాఫీ పోతుంది. బిల్లు పెరిగిందనే గోలలో కొంత భాగం దీనిదే.

* * *

అసలు భయపడాల్సింది మీటరులోని అంకెకు కాదు, దానిలోపలి స్విచ్‌కు. స్మార్ట్ మీటరులో ఒక రిలే ఉంటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కనక్కర్లేదు. ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చుని మీ ఇంటి కరెంటు తీసేయొచ్చు, మళ్లీ ఇవ్వొచ్చు.

2020 కృష్ణాష్టమి నాడు ఉత్తరప్రదేశ్‌లో జరిగింది చూడండి. పొరపాటున వెళ్లిన ఒక ఆదేశంతో లక్షకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లు చీకటైపోయాయి. వాళ్లలో బిల్లు సక్రమంగా కట్టినవాళ్లూ ఉన్నారు. పండగ పూట, కృష్ణుడు పుట్టే అర్ధరాత్రి కోసం ఎదురుచూస్తున్న ఇళ్లు! ఆ దెబ్బకు ప్రభుత్వం విచారణ వేసి, కొత్త మీటర్ల బిగింపు ఆపేసింది. బ్రిటన్‌లోనైతే బాకీ పడ్డ ఇళ్లకు బలవంతంగా ప్రీపెయిడ్ మీటర్లు పెట్టడం మీద 2023 ఫిబ్రవరిలో దుమారం రేగి, నియంత్రణ సంస్థ దాన్ని ఆపించింది.

స్మార్ట్ వేరు, ప్రీపెయిడ్ వేరు. ఈ రెండింటినీ మన చర్చల్లో కలగాపులగం చేస్తున్నాం. స్మార్ట్ మీటరును నెలాఖరు బిల్లుతోనూ నడపొచ్చు. మహారాష్ట్రలో 2024లో నిరసనలు వచ్చాక సామాన్య వినియోగదారులకు ప్రీపెయిడ్ వద్దని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పశ్చిమ బెంగాల్ 2025 జూన్‌లో ఇళ్లకు స్మార్ట్ మీటర్లు పెట్టడమే ఆపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో, ఒప్పుకోనివాళ్ల ఇళ్లకు పెట్టబోమని మంత్రి ప్రకటించాల్సి వచ్చింది.

* * *

ప్రీపెయిడ్‌లో మనకు దక్కే ఒక మేలును మాత్రం ఎవరూ పెద్దగా చెప్పడం లేదు. ఏటా బిల్లుతో పాటు ఏసీడీ అంటూ అదనపు డిపాజిట్ నోటీసు వచ్చి ఉలిక్కిపడని తెలుగు ఇల్లు తక్కువ. విద్యుత్ చట్టం 2003లోని 47వ సెక్షన్ ఏమంటుందంటే, ప్రీపెయిడ్ మీటరు తీసుకోవడానికి సిద్ధపడ్డవారి నుంచి డిస్కం సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదు. కాబట్టి ఎవరైనా ప్రీపెయిడ్‌కు మారితే, మొదట అడగాల్సింది పాత డిపాజిట్ ఎప్పుడు వెనక్కిస్తారని. ముందు డబ్బు కట్టి వాడుకునేవాడి డిపాజిట్ కూడా వాళ్ల దగ్గరే ఉంటే అది రెండు చేతులా తినడమే.

* * *

ప్రీపెయిడ్‌కు పేరుపడ్డ దక్షిణాఫ్రికాలో ఇంటివాళ్లు 20 అంకెల కోడ్ కొనుక్కొచ్చి మీటరులో నొక్కుతారు. ఆ కోడ్‌లోని కాలం లెక్క 1993లో మొదలై 2024 నవంబర్ 24తో నిండిపోయింది. ఆలోపు ప్రతి మీటరులోనూ ప్రత్యేక కోడ్ నొక్కి లెక్కను మళ్లీ మొదటికి తేవాల్సి వచ్చింది. అది చేయని మీటర్లు కొత్త రీఛార్జిని తీసుకోవు.

* * *

‘మీటరు ఉచితంగా పెడతాం’ అంటే నమ్మేముందు ఒక మాట. 2021లో మొదలైన కేంద్ర పథకం ఆర్‌డీఎస్‌ఎస్ 2025 మార్చి నాటికి 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లని లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువు దాటిపోయింది. ఇందులో మామూలు రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చేది ఖర్చులో 15 శాతం, అదీ మీటరుకు 900 రూపాయలకు మించకుండా. మిగతా పెట్టుబడి ప్రైవేటు కాంట్రాక్టరుది. మీటరు కొన్నేళ్లపాటు అతనిదే. డిస్కం అతనికి నెలనెలా మీటరుకింతని కడుతుంది. ఆ డబ్బు డిస్కం ఖర్చులోకి, ఖర్చు విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ముందుకు, అక్కణ్నుంచి మన టారిఫ్‌లోకి. గుమ్మం దగ్గర ఎవరూ చెయ్యి చాపరు, అంతే. కేరళ ఈ పద్ధతి వద్దనుకుని, సొంతంగా కొనే దారి పట్టింది.

* * *

పగలొక రేటు, రాత్రొక రేటు. 2023లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎండ వేళ ఎనిమిది గంటలు కరెంటు కనీసం 20 శాతం చౌకగా ఉండాలి, రద్దీ గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. వ్యవసాయాన్ని మినహాయించి, 2025 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకూ వర్తించేలా రాశారు. ఖరారు చేయాల్సింది రాష్ట్రాల ఈఆర్‌సీలు. ఏ గంటలో ఎంత వాడామో విడిగా లెక్కపెట్టే మీటరు లేనిదే ఇది సాధ్యం కాదు, స్మార్ట్ మీటరుకు ఆ పని తెలుసు.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకిది అలవాటే. అక్కడ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా రేటెక్కువ. అందుకే డిష్‌వాషర్ తొమ్మిది దాటాకే వేస్తారు. మనింట్లో పగటికి జరపగలిగేవి మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ. విజయవాడ మే నెల రాత్రి ఏసీని మధ్యాహ్నానికి ఎవరూ జరపలేరు. పగలు ఇంట్లో మనిషి ఉండే కుటుంబానికి లాభం, ఇద్దరూ ఉద్యోగాలకు పోయి ఏడింటికి తాళం తీసే కుటుంబానికి నష్టం.

* * *

సంక్రాంతికి ఊరెళితే స్మార్ట్ మీటరు గీసే మీ ఇంటి కరెంటు వాడకం గీత ఎలా ఉంటుంది? ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటూ మూడు రోజులు చదునుగా పోతుంది. ఇల్లు ఖాళీ అని చెప్పడానికి ఇంకేం కావాలి? జర్మనీలోని మున్‌స్టర్‌లో 2011లో పరిశోధకులు ఇంకాస్త ముందుకెళ్లి, రెండు సెకన్లకోసారి తీసే రీడింగులుంటే టీవీలో ఏం చూస్తున్నారో కూడా పట్టుకోవచ్చని చూపారు. మన మీటర్లు అరగంటకోసారి తీసేవి కాబట్టి సినిమా పేరు తెలియదు, నిద్ర లేచిన వేళ తెలుస్తుంది. నెదర్లాండ్స్ ఎగువ సభ 2009లో ఈ కారణంతోనే ‘తప్పనిసరి’ అన్న మాటను ఒప్పుకోలేదు. తర్వాత వద్దనే హక్కు ఇచ్చాకే అక్కడ పని సాగింది.

* * *

మరి పెట్టించుకోవాలా? నన్నడిగితే, పోస్ట్‌పెయిడ్‌గా ఇస్తామంటే, ఆ 1440 రీడింగులూ మన ఫోన్లో మనకూ కనబడతాయంటే, సరేనంటాను. ప్రీపెయిడ్ అంటే మాత్రం ముందస్తు హెచ్చరిక ఎన్ని రోజులు, రాత్రిపూట కట్ చేస్తారా, డిపాజిట్ సంగతేమిటి అన్న మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా ఆగుతాను.

పెట్టించుకున్నవాళ్లకు ఒక్క మాట. పాత మీటరు విప్పే ముందు దాని ఆఖరి రీడింగ్, సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీసుకోండి. మీటరు మార్పిడి కాగితంలో అదే అంకె రాశాకే సంతకం పెట్టండి. తేడా వస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. అక్కడా తేలకపోతే ప్రతి డిస్కంలోనూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు. రెండుచోట్లా మొదట అడిగేది ఆ ఫొటోలోని అంకే.