కారు చూసుకుంటుందిలే అనుకోవద్దు

రాత్రిపూట ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఊళ్లో కిరాయి కారు మాట్లాడుకుంటాం. ఈమధ్య వచ్చే కార్లలో దారి చూపే తెర, తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ఉంటున్నాయి. కారు మనది కాకపోయినా వీటి సంగతి తెలిసి ఉండాలి. ఆ కారు ఎక్కేదీ మనమే, దాని ముందు ధాన్యం ట్రక్కుతో వెళ్లేదీ మనమే.

తెర మీద దారి

కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని కారు తానెక్కడ ఉందో లెక్క కట్టుకుంటుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఆరుబయట ఆ లెక్క మామూలుగా కొద్ది మీటర్ల తేడాతో సరిపోతుంది. పటం కారులోనే దాచి ఉంటే సెల్ సిగ్నల్ లేని చోట కూడా దారి చూపుతుంది.

అయితే పటం పాతదైతే కొత్త బైపాస్ అందులో ఉండదు. దగ్గర దారని డొంకలోకి తిప్పవచ్చు. చప్టా మీద వాగు పొంగుతున్న సంగతి దానికి తెలియకపోవచ్చు. అందుకని బయలుదేరే ముందే దారి మొత్తం ఒకసారి చూసుకోవాలి. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి గనుక మండలం, జిల్లా సరిచూసుకోవాలి. వాగు పారుతుంటే తెర ఏం చూపినా కారు నీళ్లలో దించకూడదు.

తానే వేసే బ్రేకు

ఇలాంటి కార్లకు ముందు అద్దం పైభాగాన కెమెరా, చాలావాటికి ముందు భాగంలో రాడార్ ఉంటాయి. ముందున్న వాహనానికి మరీ దగ్గరైతే హెచ్చరిక మోగుతుంది. డ్రైవరు పట్టించుకోకపోతే బ్రేకు పడుతుంది. రోడ్డు మీది గీతలు చూసి కారును వరుసలో ఉంచే ఏర్పాటు కూడా ఉంది. గీతలు లేని ఊరి రోడ్ల మీద దాన్ని నమ్ముకోకూడదు. బురద, జోరువాన, పొగమంచు ఉంటే ఈ కళ్లు మసకబారతాయి. బురదలో తిరిగాక అద్దం, బంపరు తుడుచుకోవాలి. ఏ కారులోనైనా స్టీరింగు మీద చేయి, రోడ్డు మీద చూపు తప్పకూడదు.

మన బండి దానికి ఆనుతుందా?

రాడార్‌కు ఇనుము బాగా ఆనుతుంది. కర్రబండి, వరిగడ్డి మోపు అంతగా ఆనవు. వేగంగా వచ్చే కారు రోడ్డు మీద ఆగి ఉన్న బండిని ఆలస్యంగా గుర్తించవచ్చు, అసలు గుర్తించకనూ పోవచ్చు. లైటు లేని ట్రక్కు చీకట్లో డ్రైవరు కంటికీ కనబడదు.

అందువల్ల ట్రక్కుకు, ఎడ్లబండికి వెనుక రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించాలి. గడ్డి, చెరకు వేలాడి వాటిని కప్పేయకుండా కట్టుకోవాలి. ట్రాక్టరు చెడిపోతే రోడ్డు దించి నిలపాలి. చుట్టూ పెట్టిన రాళ్లు వెళ్లేటప్పుడు తీసేయాలి. ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, రాత్రి దాని పక్కన పడుకోవద్దు. స్టిక్కర్లకు అయ్యే ఖర్చు తక్కువే. కోతలు మొదలయ్యేలోపే ఆ పని ముగించుకోండి.