బల్లపై బోధన్ రైలు

పెద్ద వస్తువును చిన్న రూపంలో చూసి ఆనందించటం మానవునికి సహజం. బొమ్మరథమూ, బొమ్మల కొలువూ ఆ ఆనందం నుంచి పుట్టినవే. అయితే నమూనా రైలుమార్గం కేవలం ఆటవస్తువు కాదు. ఆటబొమ్మ రైలు ఊరకే గుండ్రంగా తిరుగుతుంది. నమూనా రైలు ఒక పనిమీద ప్రయాణిస్తుంది. కనుక నిర్మాత మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఈ రైలు ఎందుకు నడుస్తున్నది?’

నిజామాబాదు జిల్లాలో రెంజల్ మండలానికి పొరుగున ఉన్న జానకంపేట–బోధన్ శాఖామార్గాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మంజీరానదిపై 1923లో ప్రారంభమైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. కాలువనీటితో చెరకుతోటలు విస్తరించాయి. 1930ల దశకంలోనే బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. సికింద్రాబాదు–మన్మాడు మార్గంలోని జానకంపేట వద్ద చీలిన శాఖ బోధన్‌ను చేరింది. నీరు, చెరకు, చక్కెర, రైలు – ఇవి ఒకే గొలుసులోని కడియాలు. నమూనాలో ఈ గొలుసు కనిపించాలి.

తరువాతిది కొలత. ప్రపంచంలో ఎక్కువమంది వాడే ‘హెచ్.ఓ.’ కొలతలో వస్తువును 87వ వంతుకు తగ్గిస్తారు. ఆ లెక్కన ఒక కిలోమీటరు సుమారు పదకొండున్నర మీటర్లవుతుంది. 20 కిలోమీటర్ల మార్గానికి 230 మీటర్ల బల్ల కావాలి! అది ఏ ఇంటిలోనూ పట్టదు. కథలో వామనుడు త్రివిక్రముడైనాడు. ఇక్కడ త్రివిక్రముడే వామనుడు కావాలి. అందుచేత జంక్షను, ఒక కాలువ వంతెన, ఒక చెరకుతోట, చివరి స్టేషను, కర్మాగారపు ముంగిలి – ఈ ఐదింటిని ఎన్నుకొని మిగిలిన దూరాన్ని విడిచిపెట్టాలి. ఏది విడువవచ్చునో తెలియటమే ప్రణాళికకు ప్రాణం.

పట్టాల వెడల్పు మరొక చిక్కు. అంగడిలో దొరికే హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది పాశ్చాత్యదేశాల 1,435 మిల్లీమీటర్ల మార్గానికి సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక నమూనాలో 19కి పైగా ఉండాలి. పూర్వపు మీటరుగేజికైతే సుమారు 12 చాలు. ఏ కాలపు రైలును చూపదలచామో నిశ్చయించుకొన్న పిమ్మటే పట్టాలు కొనాలి.

ఇక పటం గీయాలి. బల్లపై ఏ భాగమూ చేతికందనంత దూరంలో ఉండరాదు. ముప్పావు మీటరు మించకపోవటం మంచిది. మలుపు వ్యాసార్థం 45 సెంటీమీటర్లకు తగ్గరాదు. మీటరు పొడవుకు రెండు సెంటీమీటర్లకు మించి ఎత్తు పెరిగితే ఇంజను బరువులాగలేదు. బోధన్ చివరి స్టేషను కనుక, ఇంజను పెట్టెలను విడిచి పక్క పట్టాలమీదుగా మరొక కొనకు చేరే వీలుండాలి. ఈ ఏర్పాటు మరచితే వచ్చిన రైలు తిరిగిపోలేదు.

కొయ్య చట్రం, దానిపై ప్లైవుడ్, చప్పుడు తగ్గించే బెండు పొర, ఆపై పట్టాలు, విద్యుత్ తీగలు – నిర్మాణక్రమం ఇది. 12 వోల్టుల విద్యుత్తుతో రైలును పలుమార్లు నడిపి, లోపాలు సవరించిన తరువాతే చెట్లూ ఇళ్లూ అమర్చాలి. అందం కోసం తొందరపడితే పట్టాల దోషం తోటల కింద దాగిపోతుంది.

పుణె నగరంలో 1998లో ప్రారంభమైన జోషీ సూక్ష్మ రైల్వేల ప్రదర్శనశాల ఈ కళకు మన దేశంలో చక్కని నిదర్శనం.

చివరిగా సంవత్సరాన్ని నిర్ణయించాలి. బోధన్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు పూర్వపు కాలాన్ని చూపితే ముంగిట చెరకుబండ్లు బారులు తీరాలి. తరువాతి కాలాన్ని చూపితే ఆ ముంగిలి శూన్యంగా ఉండాలి. పట్టాలు అవే, బల్ల అదే; బ్రతుకు వేరు. ఆ భేదాన్ని గుర్తించాలంటే పుస్తకాలు చాలవు. అక్కడ పనిచేసిన కార్మికులనూ, చెరకు పండించిన రైతులనూ అడిగి తెలుసుకోవాలి. అలా తెలుసుకొని నిర్మించిన చిన్నరైలు ఒక ప్రాంతపు చరిత్రను మోసుకొని వస్తుంది.