నల్లరాళ్ల నేల, పచ్చని చెరకు

బీచ్‌ల ఫొటోల్లో కనిపించని మారిషస్ కథ ఇది. దాన్ని చెప్పేది చెరకు తోటల మధ్య పేర్చిన రాళ్లు.

మారిషస్‌లో ఊళ్ల మీదుగా వెళుతుంటే చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కొన్ని పొడవాటి గోడల్లా సాగితే, కొన్ని మెట్లుమెట్లుగా పైకి లేస్తాయి. సెలవులు గడపడానికి వచ్చినవాళ్లు వాటిని దాటుకుని సముద్రం వైపు వెళ్లిపోతారు. కానీ ఆ రాళ్లలో చాలావాటిని మనిషే వంగి, పెకలించి, మోసుకొచ్చి అక్కడ వేశాడు. రాయి తీస్తే గానీ అక్కడ చెరకు నాటడం కుదరలేదు. ఈ దీవి ప్రకృతి, చరిత్ర రెండూ కలిసేది ఆ గుట్టల దగ్గరే.

అగ్నిపర్వతం ఇచ్చిన నేల

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ఈ దీవి లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతాల లావాతో ఏర్పడింది. ఇప్పుడా పర్వతాలు చల్లారిపోయాయి. క్యూర్‌పిప్ పట్టణంలోని ట్రూ ఓ సెర్ఫ్ బిలంలో చెట్లు పెరిగాయి. పురాతన అగ్నిపర్వతపు అంచులే నేటి కొండల వరుసలు. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. ఆగ్నేయం నుంచి వీచే గాలులు మధ్య పీఠభూమి మీద వాన కురిపిస్తాయి. పడమటి తీరానికి వచ్చేసరికి ఆ మేఘాల్లో తేమ తగ్గిపోతుంది. అందుకే క్యూర్‌పిప్‌లో గొడుగు పట్టుకున్న వేళ పడమటి ఒడ్డున ఎండ కాస్తుంటుంది.

దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలున్నాయి. పెద్ద కెరటాలు అక్కడే విరిగిపోతాయి కాబట్టి లోపలి నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. దక్షిణాన గ్రి గ్రి దగ్గర ఆ అడ్డు లేదు. అక్కడ సముద్రం నేరుగా వచ్చి నల్లరాతిని కొడుతుంది. పగడపు దిబ్బ ఈ దేశానికి ఏం చేస్తోందో ఆ ఒక్కచోట నిలబడితే తెలుస్తుంది.

డోడో పోయిన తర్వాత

మనిషి రాకముందు ఇక్కడ నేల మీద తిరిగే క్షీరదాలే లేవు. ఉన్నవి గబ్బిలాలే. వేటాడే జంతువు లేని చోట పావురం జాతికి చెందిన డోడో ఎగరడం మానేసి, నేల మీదే గూడు కట్టుకుంది. డచ్చివాళ్లు 1598లో వచ్చి తమ రాకుమారుడు మారిస్ పేరు ఈ దీవికి పెట్టారు. 1638లో స్థిరపడ్డారు. నల్లచేవ చెట్లు నరికి ఓడలకెక్కించారు. జావా నుంచి చెరకునూ జింకలనూ తెచ్చారు. ఓడలతో పాటు దిగిన ఎలుకలు, పందులు, కోతులు గూళ్లలోని గుడ్లను తినేశాయి. వందేళ్లు గడవకుండానే డోడో అంతరించింది. 1710లో డచ్చివాళ్లు దీవిని వదిలి వెళ్లినా, వాళ్లు తెచ్చిన చెరకు మాత్రం వేళ్లూనుకుంది.

ఫ్రెంచి నాలుక, ఆంగ్ల జెండా

1715లో ఈ దీవి తమదన్న ఫ్రెంచివాళ్లు దానికి ఐల్ ద ఫ్రాన్స్ అని పేరు మార్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్డొనే పోర్ట్ లూయీని రేవు పట్టణంగా తీర్చిదిద్దాడు. పియెర్ పువావ్ర్ డచ్చివాళ్ల గుత్తలో ఉన్న జాజికాయ, లవంగ మొక్కలను రహస్యంగా తెప్పించి పాంప్లెమూస్ తోటలో పెంచాడు. పళ్లేలంత ఆకులు పరుచుకున్న పెద్ద కలువల కోసం నేటికీ ఆ తోటకు జనం వెళ్తారు. అయితే ఆ రేవునూ రోడ్లనూ కట్టడానికి రెక్కలు ముక్కలు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి పట్టి తెచ్చిన బానిసలు.

నైరుతి మూలన 556 మీటర్ల ఎత్తున నిలిచిన లె మోర్న్ కొండ వాళ్ల జ్ఞాపకం. పారిపోయిన బానిసలు ఆ కొండ గుహల్లో తలదాచుకున్నారు. పట్టుబడటం కన్నా చావు మేలని కొందరు పైనుంచి దూకారని తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1810లో ఆంగ్లేయులు దీవిని గెలుచుకున్నా ఫ్రెంచి భాషను, చట్టాలను, ఆచారాలను కదపలేదు. అందుకే నేటికీ అధికార కార్యకలాపాల్లో ఇంగ్లిష్, పత్రికల్లో ఫ్రెంచి, ఇంట్లో, బజారులో క్రియోల్ వినిపిస్తాయి.

ఒప్పంద కూలీలు

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. పరిహారం మాత్రం యజమానులకే దక్కింది. తోటల్లో పనికి మనుషుల కోసం తెల్లదొరలు భారతదేశం వైపు చూశారు. రద్దుకు కొన్ని నెలల ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో వచ్చింది. ఆ తర్వాత 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా నాలుగున్నర లక్షలకు పైగా మనుషులు ఈ రేవులో దిగారు. ఒప్పందం అయిదేళ్లు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. గుర్తింపు కాగితం లేకుండా తోట దాటితే పోలీసులు పట్టుకునేవారు. వాళ్లు ఎక్కిన నల్లరాతి మెట్లే పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్. 2006లో దానికీ యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఆ ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి, కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా, మద్రాసు మీదుగా వెళ్లినవాళ్లు. తమతో సింహాద్రి అప్పన్నను, అమ్మోరి జాతరను, రామభజనను తీసుకెళ్లారు. తరాలు మారాక చాలా ఇళ్లలో క్రియోల్ రాజ్యమేలుతున్నా ఆ భజన ఆగలేదు. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. బడుల్లో తెలుగు చెబుతారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఈ దీవిలోనే.

పోయింది కొంత, నిలిచింది కొంత

మనుషులు చేసిన నష్టాన్ని మనుషులే పూడ్చే పని కూడా ఇక్కడ జరుగుతోంది. 1974లో మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలు అడవిలో నాలుగే మిగిలాయి. గుడ్లను సేకరించి పొదిగించి, పిల్లలను పెంచి వదిలిన కార్ల్ జోన్స్, ఆయన తోటివారి శ్రమతో వాటి సంఖ్య వందలకు చేరింది. ఆగ్నేయ తీరంలోని ఐల్ ఓ ఎగ్రెత్ అనే చిన్న దీవిలో పరాయి మొక్కలను పీకి, స్వదేశీ నల్లచేవ చెట్లను నాటుతున్నారు. అంతరించిన తాబేళ్ల పని అల్దాబ్రా తాబేళ్లకు అప్పగించారు. అవి పండ్లు తిని విత్తనాలు చల్లుతాయి.

2020 జూలైలో వకాషియో అనే నౌక ఈ ప్రాంతంలోనే పగడపు దిబ్బకు గుద్దుకుంది. దాదాపు వెయ్యి టన్నుల చమురు ఒలికింది. ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా ఊళ్లకు ఊళ్లే ఒడ్డుకు చేరాయి. గుడ్డసంచుల్లో ఎండిన చెరకు ఆకు కూరి, కుట్టి, చమురుకు అడ్డంగా నీటి మీద తేల్చాయి. తాతలను బంధించిన పంటే ఆ రోజు మనవలకు సముద్రాన్ని కాపాడే సాధనమైంది.

అయినా పోగొట్టుకునేది ఇంకా ఉంది. చెరకు ఆదాయం తగ్గింది. కొన్ని తోటలు విల్లాలుగా మారుతున్నాయి. యంత్రాలతో కోత కోయాలంటే రాళ్లు ఉండకూడదు కాబట్టి గుట్టలను తొలగిస్తున్నారు. ఘాట్‌కు, లె మోర్న్‌కు వచ్చిన గుర్తింపు చేలలోని రాళ్లకు రాలేదు. కూలీల చేతిపని నేరుగా కనిపించే ఆనవాళ్లు అవే. కొన్ని గుట్టలనైనా చోటు మార్చకుండా ఉంచి, వాటి దగ్గర ఓ పలక పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

మనం చేయాల్సిందీ ఉంది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ దగ్గర ఆనాటి వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. వాటిలో మనిషి పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. మారిషస్ తెలుగువాళ్లు ఆ కాగితాలు పట్టుకుని తమ మూలాలు వెతుక్కుంటున్నారు. ఉత్తరాంధ్ర, గోదావరి ఊళ్ల నుంచి కూడా ఆ వెతుకులాట సాగాలి. ఓడెక్కి తిరిగిరాని తాతల మాట మీ ఇంట్లో ఎవరైనా చెబితే వెంటనే రాసిపెట్టండి. అటు రిజిస్టరు, ఇటు ఇంటి జ్ఞాపకం కలిస్తేనే ఆ రాళ్లు మోసినవాళ్లకు మళ్లీ పేరూ ఊరూ దక్కుతాయి.