ఇంజనులో నూనె ఎంత ఉన్నది?

పూర్వము రాత్రివేళ ప్రయాణమునకు బయలుదేరు బండివాడు లాంతరును చెవి దగ్గరకెత్తి ఒకసారి ఊపి చూచెడివాడు. లోపలి కిరసనాయిలు చప్పుడును బట్టి దీపము తెల్లవారువరకు నిలుచునో నిలువదో అతనికి తెలిసిపోయెడిది. నేడు కారెక్కి దూరప్రయాణము సాగించు మనలో ఎందరు ఇంజను నూనె విషయమున ఆ మాత్రపు శ్రద్ధ చూపుచున్నారు? తక్కువైనచో కారే చెప్పును గదా యని ధైర్యముగా ఉండువారే ఎక్కువ. ఆ ధైర్యము ఎంతవరకు చెల్లునో విచారించుటయే ఈ ప్రసంగ విషయము.

గడచిన చలికాలమున మా ఎదురింటివారు విశాఖపట్నము నుండి అరకు వెళ్లిరి. కుమారుడు కారు నడపుచుండగా తండ్రి ప్రక్కన కూర్చుండెను. ఘాటురోడ్డు మలుపులో నూనెడబ్బా బొమ్మగల ఎఱ్ఱదీపము ఒక్క క్షణము వెలిగి ఆరినది. తరువాతి మలుపులో మరల వెలిగినది. "ఆరిపోతోంది కదా నాన్నా, పైకి వెళ్లాక చూపిద్దాం" అనెను కుమారుడు. "ముందు బండి ఆపరా" అనెను తండ్రి. చదునైన చోట కారు నిలిపి, కొంతసేపు ఆగి, బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీసి చూడగా దాని కొనకు సైతము నూనె అంటలేదు. కావలసిన నూనె తెప్పించి పోసిన పిమ్మటగాని వారు ఆ కారును కదలింపలేదు. ఇంజను దక్కినది. ఆ తండ్రి మాట వినక మరి నాలుగు మలుపులు పోయియున్నచో దక్కెడిదని చెప్పజాలము.

ఇచ్చట గ్రహింపవలసిన ముఖ్యాంశము ఒకటి కలదు. ఆ ఎఱ్ఱదీపము నూనె మట్టమును తెలుపునది కాదు. నూనె పీడనమును తెలుపునది. ఈ రెండింటికిగల భేదము మన ఇండ్లలోని నీళ్ల ట్యాంకును తలచుకొన్న సులభముగా బోధపడును. ట్యాంకులో నీరు ఎంత ఉన్నదో చూచుట ఒకటి. కుళాయి త్రిప్పగా నీరు రాకపోవుట మరియొకటి. ఇంజను అడుగున నూనె నిలువయుండు తొట్టి కలదు. మెకానిక్కులు దానిని ఛాంబరు అందురు. ఒక పంపు ఆ నూనెను పైకి తోడి, నిమిషమునకు రెండు మూడు వేల మారులు తిరుగు క్రాంక్ షాఫ్టు బేరింగులకు అందించును. ఇనుము ఇనుమును ఒరసికొనకుండ నడుమ పలుచని నూనెపొర నిలిచియున్నంత కాలమే ఇంజనుకు ఆయుర్దాయము. పంపు గాలిని పీల్చి, పీడనము మిక్కిలి పడిపోయినప్పుడు ఎఱ్ఱదీపము వెలుగును. అనగా అది కుళాయి ఎండిన తరువాత వచ్చు కబురు. మలుపులలో మాత్రమే వెలుగుటకు కారణము, మిగిలిన కొద్దిపాటి నూనె ఒక ప్రక్కకు ఒరిగి పంపు నోటికి అందకపోవుటయే. కనుక ఆ దీపము వెలిగిన వెంటనే కారును భద్రమైన చోట ఆపి ఇంజను కట్టివేయవలెను. తరువాతి ఊరివరకు పోవుదమనుట తగదు. బేరింగులు వేడెక్కి ఇంజను పట్టివేయుటకు ఎంతోసేపు అక్కరలేదు.

మరి మట్టమును తెలిసికొనుట ఎట్లు? అమెరికాలో 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారుకు డిప్‌స్టిక్ లేదు. అడుగున ఒకదానిపై నొకటిగా రెండు చిన్న కుళాయిలుండెడివి. కారు క్రిందికి వంగి పై కుళాయి విప్పినప్పుడు నూనె కారినచో నిండుగా ఉన్నట్లు. క్రింది కుళాయినుండి సైతము రానిచో ప్రమాదమన్నమాట. ఆ అవస్థతో పోల్చిన, నిలుచున్న చోటనే బానెట్ ఎత్తి చూచుకొన వీలిచ్చు సన్నని ఇనుప బద్ద గొప్ప సౌకర్యమే.

ఆ బద్దపై రెండు గుర్తులుండును. పైది గరిష్ఠము, క్రిందిది కనిష్ఠము. పెక్కు కార్లలో ఈ రెండింటి నడుమ దూరము సుమారు ఒక లీటరు నూనెకు సమానము. కారు చదునైన నేలపై ఉండవలెను. ఇంజను ఆపి ఐదు పది నిమిషములు ఆగవలెను. ఏలయన పైకెక్కిన నూనె ఛాంబరులోనికి దిగుటకు వ్యవధి కావలెను. మొదట తీసిన బద్దను నమ్మరాదు. దానిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దింపి, తీసి చూచినదే నిజమైన మట్టము. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడవలెనా, వేడిగా ఉన్నప్పుడు చూడవలెనా యను విషయమున ఆ కారుతో ఇచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము.

ఇక ఎలక్ట్రానిక్ పద్ధతి. 2000 తరువాతి సంవత్సరములలో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన పెక్కు ఇంజనుల నుండి డిప్‌స్టిక్‌ను తీసివేసి, మట్టమును డ్రైవరు ఎదుటి తెరపై చూపు ఏర్పాటు చేసినది. మరికొన్ని కంపెనీలును ఆ దారినే నడచినవి. ఛాంబరులో అమర్చిన సెన్సారు అనేక విధములుగా పనిచేయును. ఒక విధమున, సన్నని తీగను క్షణకాలము విద్యుత్తుతో వేడిచేసి అది ఎంత త్వరగా చల్లారునో కొలుచును. నూనెలో మునిగిన భాగము ఎంత ఎక్కువైన అంత త్వరగా చల్లారును. ఇంకొక విధమున, మన చెవికి వినబడని ధ్వనితరంగమును అడుగునుండి పైకి పంపి, అది నూనె ఉపరితలమును తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును లెక్కించును. పది సెంటీమీటర్ల లోతు నూనెలో పోయిరావడమునకు పట్టు కాలము సెకనులో పదివేలవ వంతుకు కొంచెము ఎక్కువ మాత్రమే! నూనె వేడినిబట్టి ధ్వనివేగము మారును గనుక ఆ వేడిని సైతము కొలిచి లెక్క సరిచేయును.

ఈ పద్ధతివలన లాభములు లేకపోలేదు. చేతికి మసి అంటదు. బానెట్ ఎత్తుటకు బద్ధకించువారికి సైతము హెచ్చరిక అందును. ప్రయాణము మధ్యలో మట్టము తగ్గినను, పీడనము పడిపోవుటకు ముందే పసుపుపచ్చ దీపముతో తెలియజేయును. కాని దానికిని హద్దులున్నవి. కుదుపులలో, మలుపులలో నూనె అటునిటు ఊగును గనుక సెన్సారు కొన్ని నిమిషముల సగటు తీసికొనవలెను. అందుచేత కొన్ని కార్లలో నూనె పోసిన వెంటనే తెరపై అంకె మారదు. అది తెలియనివారు ఇంకను తక్కువే యనుకొని మరల పోయుదురు. హద్దు మించిన నూనెను క్రాంక్ షాఫ్టు చిలికి నురుగు చేయును. నురుగు బేరింగులను కాపాడలేదు.

మరియు సెన్సారు సాధారణముగా ఎంత ఉన్నదో చెప్పును. ఎట్లున్నదో చూచుట కంటి పని. బద్దకు అంటిన నూనె పాలు కలిసినట్లు తెల్లగా ఉన్నచో నీరు చేరినదని అనుమానింపవలెను. పెట్రోలు వాసన గట్టిగా వచ్చినచో ఇంధనము కలియుచున్నదేమో చూపించుకొనవలెను. వ్రేళ్ల నడుమ రాచినప్పుడు గరుకు తగిలినచో మెకానిక్కును పిలువవలెను. డీజిలు ఇంజనులో నూనె త్వరగా నల్లబడుట మాత్రము సహజమే.

మట్టము తగ్గుటయే కాదు, పెరుగుటయు దోషమే. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట డీజిలు కార్లకు మసిని పట్టు ఫిల్టరు వచ్చినది. ఆ మసిని కాల్చుటకు ఇంజను అప్పుడప్పుడు అదనపు డీజిలు వాడును. ఊరిలోనే చిన్న చిన్న ప్రయాణములు చేయు కారులో ఆ పని తరచు సగములో ఆగిపోవుటచే, కొంత డీజిలు జారి నూనెలో చేరును. మట్టము పెరిగినదని సంతోషించుచుండగా లోపల నూనె పలుచబడుచుండును.

ఒక చిన్న లెక్కతో ముగింతును. కారు 1,000 కిలోమీటర్లకు 100 మిల్లీలీటర్లు, అనగా చిన్న టీ గ్లాసెడు నూనె ఖర్చు చేయుచున్నదనుకొందము. ఇది పెద్ద దోషము కాదు. కొన్ని కంపెనీలు అర లీటరు వరకు సహజమనియే తమ పుస్తకములలో వ్రాయుచున్నవి. సర్వీసుకు సర్వీసుకు నడుమ 10,000 కిలోమీటర్లు నడచునప్పటికి ఆ టీ గ్లాసులే లీటరగును. పై గుర్తున ఉన్న నూనె క్రింది గుర్తుకు చేరును. సర్వీసు చేయించితిమి గదా యను నమ్మకము ఇచ్చట చాలదు.

కావున డిప్‌స్టిక్ ఉన్నవారు నెలకొకసారి, దూరప్రయాణమునకు ముందొకసారి తప్పక చూడవలెను. తెర మాత్రమే ఉన్నవారు అది ఏ స్థితిలో, ఎంతసేపటికి నిజము చెప్పునో పుస్తకము చదివి తెలిసికొనవలెను. ఎఱ్ఱదీపమునకు, పసుపుదీపమునకుగల భేదమును ఇంట కారు నడపు ప్రతివారికి నేర్పవలెను. లాంతరు ఊపి చూచిన ఆ బండివానికి దీపము ఆరినచో పోయెడిది వెలుతురు మాత్రమే. మనకు పోవునది ఇంజను.