బూరెల మూకుడూ, రెక్కల గుర్రాల కథా

రండర్రా, ఎండ తగ్గింది, అరుగు మీద చాప వేసుకు కూర్చోండి. మా పెద్ద మనవడు నవల రాస్తున్నాడు, తెలుసా? అందులో గుర్రాలకు రెక్కలట, కొండ కడుపులో ఓ ఊరట. నాకెంత సంబరంగా ఉందో! చదవమని నోటుపుస్తకం నా చేతికిచ్చాడు. మొదటి పేజీలోనే ఏడు రాజ్యాలూ, వాటి రాజధానులూ, రాజుగారి ముత్తాత పేరూ, మూడు రకాల మంత్రదండాలూ వచ్చేశాయి. కథానాయకుడు మాత్రం ఇంకా నిద్ర లేవలేదు. “ముందు ఆ లోకమేమిటో తెలియాలి కదా తాతయ్యా!” అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. రాత్రింబవళ్ళు ఆలోచించి కట్టుకున్న లోకమాయె, అంతా ఒక్కసారే చూపించెయ్యాలని ఉండదూ? మరి చదివేవాడి బుర్రలో అప్పుడేం జరుగుతుందో చూద్దాం. ఇందులో భలే సైన్సు ఉందర్రా.

ఒక విషయాన్ని విన్న క్షణాన మనసులో నిలబెట్టుకోవడానికి మనకున్న చోటు చాలా చిన్నది. జార్జ్ మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. ఏడింటికి కాస్త అటూ ఇటూగా పట్టుకోగలం అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అనే ఆయన ఇంకా తరిచి చూసి, అసలు చోటు నాలుగింటికే ఉందన్నాడు. మరి ఫోన్ నంబరు పది అంకెలు ఎలా గుర్తుంటోంది? ‘తొంభై ఎనిమిది, నలభై ఎనిమిది’ అంటూ జంటలు కట్టేస్తాం కదా, అలాగన్నమాట. తెలిసిన వాటిని మూటకట్టుకోవచ్చు. ఎన్నడూ వినని రాజ్యం పేరును దేనితో మూటకడతాం చెప్పండి?

అమ్మమ్మ బూరెలు వేస్తుంటే చూశారా? మూకుడు నిండా ఒక్కసారే వేసెయ్యదు. పండగ పూట మీరంతా చుట్టూ చేరి గోల పెట్టినా సరే, నాలుగంటే నాలుగే వేస్తుంది. ఎక్కువ వేస్తే నూనె వేడి దిగిపోతుంది. పై తోపు గట్టిపడేలోగా పూర్ణం బయటికొచ్చేస్తుంది, బూరె నూనె తాగేస్తుంది. అందుకే ఆ నాలుగూ పొంగి, తేలి, వేగాక తీసి, నూనెను మళ్ళీ కాగనిచ్చి తర్వాతి వాయి వేస్తుంది. కథలో కొత్త పేర్లనూ వాయిలుగానే వెయ్యాలి. ఒక వాయికీ ఇంకో వాయికీ మధ్య పాఠకుడికి తెలిసిన సంగతులుండాలి. ఆకలి, అన్నం, వాన, తమ్ముడితో తగువు, ఇలాంటివి.

తెలిసినవే ఎందుకంటారా? కేంబ్రిడ్జ్‌లో బార్ట్‌లెట్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల దెయ్యాల కథ ఒకటి ఇంగ్లండు వాళ్ళచేత చదివించి, కొన్నాళ్ళాగి మళ్ళీ చెప్పమన్నాడు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ ముచ్చటంతా ఉంది. వింత సంగతులు చాలామంది నోట జారిపోయాయి. మిగిలినవేమో వాళ్ళ ఊరి రంగు పులుముకున్నాయి. సీల్ వేటకు వెళ్ళినవాళ్ళు కాస్తా చేపల వేటగాళ్ళైపోయారు! కొత్త ముక్కను తనకు తెలిసినదానికి కట్టుకుంటేనే మనసుకు స్థిమితం.

దీనికో ఉదాహరణ వినండి. అమెరికాలో మోంటానా రాష్ట్రపు కుర్రాడు క్రిస్టఫర్ పాయొలీని పదిహేనేళ్ళప్పుడు ‘ఎరగాన్’ అనే నవల మొదలుపెట్టాడు. మొదట వాళ్ళింట్లోవాళ్ళే అచ్చువేశారు. 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుని, కత్తిరింపులు చేసి మళ్ళీ వేసింది. ఆరంభంలో అడవిలో వెంటాడే ఘట్టం ఒకటి, ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. ఆ వెంటనే రచయిత నెమ్మదిస్తాడు. ఒక పల్లెటూరి కుర్రాడు వేటకు వెళ్ళి, మాంసానికి బదులు నున్నటి నీలం రాయి తెచ్చుకుంటాడు. ఇంట్లో తిండికి ఇబ్బంది. రాయిచ్చి మాంసం కొనబోతే మాంసం కొట్టువాడు కసురుతాడు. చూడండి, పేదరికం, చలికాలం, మాంసం కొట్టు, అన్నీ మనకు తెలిసినవే. తెలియనిది ఒక్క రాయి! చదివేవాడి కళ్ళన్నీ దాని మీదే. అది గుడ్డని, అందులోంచి డ్రాగన్ పిల్ల వస్తుందని తెలిసేసరికి ఆ కుర్రాడు మనింటి పిల్లాడైపోతాడు.

మన మధిర సుబ్బన్న దీక్షితులుగారు ‘కాశీమజిలీ కథలు’లో ఈ పని ఎంత అందంగా చేశారో! మణిసిద్ధుడనే యతితో కాశీకి నడిచే గోపకుమారుడు మజిలీ మజిలీకి ఏదో ఒక వింత చూసి, దాని సంగతి చెప్పమని పట్టుబడతాడు. కథ అప్పుడు మొదలవుతుంది. ముందు వింత, ఆ తర్వాతే వివరం. కొంచెం తెలిసి, మిగతాది తెలియకపోతేనే మనసుకు దురద పుడుతుందని లోవెన్‌స్టైన్ అనే ఆయన 1994లో సిద్ధాంతం చేశాడు. దీక్షితులుగారు అంతకు ఎంతో ముందే ఆ దురద పుట్టించి కూర్చున్నారు. మనవడి ఏడు రాజ్యాలూ ఎక్కడికీ పోవు, ఎవరో ఒకరు అడిగేదాకా దాచుకుంటే చాలు.

ఇక వేగం సంగతి. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్స్, 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని, నెలనెలా వచ్చేవి. ‘శిథిలాలయం’లో శిఖిముఖీ విక్రమకేసరీ ఏ ఆపదలో చిక్కుకున్నారో చదివి, నెల్లాళ్ళు ఎదురుచూసేవాళ్ళం. ఎంత హాయి ఆ ఎదురుచూపు! ఆయన కొన్ని పేజీల్లోనే అడవులకు అడవులు దాటించేసేవారు. కథ చెప్పేవాడి చేతిలో కాలం సాగుతుంది, ముడుచుకుంటుంది. నెల్లాళ్ళ ప్రయాణంలో ఏమీ జరగకపోతే ఒక్క వాక్యం సరిపోతుంది. వంతెన మధ్యలో తాడు తెగుతున్న క్షణానికి మాత్రం రెండు పేజీలిచ్చినా కాదనం. మనవడేమో గుర్రానికి గడ్డి వెయ్యడం పేజీ నిండా రాసి, యుద్ధాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఆ రెండూ తారుమారు చేస్తే బాగుంటుందని నా ఉద్దేశం.

ఏది సాగిందో ఏది బిగిసిందో తేల్చడానికి పిల్లల్ని మించినవాళ్ళు లేరు. టోల్కీన్ అనే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరుగారి ‘హాబిట్’ రాతప్రతిని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ళ కొడుకు రేనర్ చేతికిచ్చి చదవమన్నాడు. కూలి ఒక షిల్లింగు. బాగుందని పిల్లాడు రాసిచ్చాడు, 1937లో పుస్తకం వచ్చింది. మీరూ వినిపెట్టండర్రా, మనవణ్ణి పిలుస్తాను. ఎక్కడ ‘తర్వాతో?’ అన్నారో, ఎక్కడ చాప పుల్లలు పీకారో నేను పెన్సిలుతో గుర్తుపెడతాను. కూలిగా జీళ్ళు నేను కొనిపెడతాలే.