క్యారేజీ ఖాళీగా ఇంటికి రావాలంటే

“పొద్దున్నే లేచి వండి పెడుతున్నామండీ, సగం అలాగే తిరిగొస్తోంది.” పిల్లల్ని ఆసుపత్రికి తీసుకొచ్చే తల్లులు తరచుగా చెప్పే మాట ఇది. పిల్లలు తినకపోవడానికి కారణం ప్రతిసారీ మొండితనం కాదు. ఉదయం ఏడు గంటలకు వేడిగా, కమ్మగా ఉన్న అన్నం మధ్యాహ్నం మూత తీసేసరికి చల్లారి, గడ్డకట్టి, వాసన మారి ఉంటుంది. మనం చూసేది పొద్దుటి క్యారేజీ, వాళ్ళు తినేది మధ్యాహ్నపు క్యారేజీ. ఆ వేళకు ఎలా ఉంటుందో ఊహించి సర్దడమే ఇందులో ముఖ్యమైన సంగతి.

ఎంత అన్నం కావాలి?

సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం తరువాత ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం దేశమంతటా అమలులోకి వచ్చింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఆ భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలన్నది నియమం. అందుకు ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. ఆరు నుండి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. పల్లెల నుండి బస్సెక్కి గుడివాడ, బందరు, అవనిగడ్డ ప్రైవేటు బడులకు వెళ్ళే పిల్లల క్యారేజీకి ఈ లెక్క చూడవలసింది మనమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఆ లోటు తీరకుండానే బడిలో చేరే పిల్లలు ఎందరో. రక్తం తక్కువైన బిడ్డ త్వరగా అలసిపోతుంది, పాఠం మీద మనసు నిలవదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం 10-12 ఏళ్ళ మగపిల్లవాడికి రోజుకు 16 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, అదే వయసు ఆడపిల్లకు 28 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి ఆడపిల్ల క్యారేజీలో పప్పు, ఆకుకూర ఎట్టి పరిస్థితిలోనూ తగ్గకూడదు.

ఎందుకు వదిలేస్తారు?

1. సమయం చాలదు. చేతులు కడుక్కుని, చోటు వెతుక్కుని, మూతలు తీసి, కూర కలుపుకునేలోగా గంట కొట్టేస్తారు.

2. ఆవిరి పడుతుంది. పొగలు కక్కే అన్నం మీద మూత పెడితే ఆవిరి నీరై కిందికి కారుతుంది. వేపుడు మెత్తబడుతుంది, అన్నం ముద్దవుతుంది.

3. సిగ్గు. చేపల పులుసు ఇంట్లో ఎంత ఇష్టమైనా, తరగతి గదిలో మూత తీయగానే పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే ఆ బిడ్డ ఇక ముట్టుకోదు.

4. మరీ ఎక్కువ పెట్టడం. నిండుగా కుక్కిన గిన్నెను చూడగానే చిన్నపిల్లలకు తినాలనిపించదు.

ఏం పెడితే తింటారు?

ఏడెనిమిదేళ్ళ లోపు వారికి అన్నం కలిపే పంపండి. తోటకూర పప్పు గట్టిగా వండి, నెయ్యి వేసి కలిపి, దించాక నిమ్మకాయ పిండండి. నిమ్మలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. జామకాయ ముక్కలు పక్కన పెట్టినా అదే మేలు. పులిహోరలో వేరుశనగ గుళ్ళు ధారాళంగా వేయండి. గోరువెచ్చని అన్నంలో కాచిన పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. దిబ్బరొట్టె ముక్కలు చల్లారినా బాగుంటాయి. వరి కోశాక మన పొలాల్లో పండే మినుములతో చేసిన సున్నుండ ఒకటి చిన్న డబ్బాలో పెట్టండి.

గుడ్డు ఉదయమే ఇంట్లో తినిపించండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. చేపలు రాత్రి భోజనంలో, ముళ్ళు తీసి పెట్టండి. ఫలహారంతో పాటు టీ ఇవ్వకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పాడవకుండా

రాత్రి మిగిలిన అన్నాన్ని తాలింపు పెట్టి పంపడం మంచిది కాదు. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుచేత ఉదయం వండి, పళ్ళెంలో పరచి ఆవిరి పోయాక, బయలుదేరే ముందు సర్దండి. నిమ్మ, చింతపండు పులుపు చెడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ప్రయాణాలకు పెద్దలు పులిహోర కట్టుకోవడం అందుకే. కొబ్బరి పచ్చడి మాత్రం క్యారేజీలో వద్దు. మూతకుండే రబ్బరును రోజూ తీసి కడిగి ఆరబెట్టండి.

తిరిగొచ్చిన క్యారేజీని చదవండి

మిగిల్చినందుకు తిడితే రేపటి నుండి ఆ అన్నం పంపు దగ్గర పారబోసి ఖాళీ గిన్నె తెస్తారు. అప్పుడు మనకు నిజం తెలియదు. “ఏది మిగిలింది? చల్లారిందా, కారమా, టైము చాల్లేదా?” అని నెమ్మదిగా అడగండి. వారం రోజులు గమనిస్తే కారణం దొరుకుతుంది. ముందురోజు రాత్రే “పులిహోరా, పప్పన్నమా?” అని రెండింటిలో ఒకటి ఎంచుకోమనండి. కొత్త కూర అయితే తెలిసిన కూర పక్కన రెండు చెంచాలు చాలు. ఒక రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పదిసార్లు పట్టవచ్చు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఇన్ని చేసినా తినకపోయినా, బరువు తగ్గుతున్నా, కనురెప్పల లోపల పాలిపోయి ఉన్నా, మట్టి, బలపం, పచ్చిబియ్యం తింటున్నా రక్తపరీక్ష చేయించండి. 5-11 ఏళ్ళ పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్టు. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్ర తప్పక వేయించండి. కడుపులో పురుగులుంటే మీరు పెట్టిన తిండి బిడ్డకు పూర్తిగా దక్కదు.